మొఘల్‌పురా గల్లీలో చప్పుడు

ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు ఆమె పూలబుట్ట పట్టుకుని గడప దిగింది. సమయం అంత కచ్చితంగా గుర్తుండటానికి కారణం ఉంది. ఎదురింటి డాబా మీద నిలబడి, చప్పుడు కొలిచే మీటరులోని గడియారాన్ని నా చేతి గడియారంతో సరిచూసుకుంటున్నాను. తల ఎత్తేసరికి కింద గల్లీలో ఆమె తప్ప ఇంకెవరూ లేరు.

చప్పుడు కొలవడం నా ఉద్యోగం. ఎక్కడైనా పెద్ద నిర్మాణం మొదలయ్యే ముందు, చుట్టుపక్కల ఇళ్ళ దగ్గర మామూలు రోజున ఎంత చప్పుడు ఉంటుందో కొలిచి నివేదిక రాస్తాం. పని మొదలయ్యాక అది ఎంత పెరుగుతుందో, ఎవరికి ఇబ్బందో, ఏ వేళల్లో యంత్రాలు ఆపాలో ఆ మొదటి కొలత మీదే తేలుతుంది. మొఘల్‌పురాలోని ఈ గల్లీలో ఒక వరుస ఇళ్ళ ముందు భాగాలు తీసేసి, ఆ జాగాలో పైవంతెనకు స్తంభాలు వేయబోతున్నారు. అందుకని ఆ తెల్లవారుజామున మీటరు తెచ్చి డాబా మీద బిగించాను.

అంకె చూసి మీటరు పాడైందనుకున్నాను. అంత తక్కువ అంకె ఊరి బయట పొలాల్లో తప్ప నేను చూడలేదు. పాతబస్తీ గల్లీలో ఆ వేళకు నీళ్ళ మోటార్లు, కుక్కర్లు, బడి ఆటోలు ఉండాలి. ఏవీ లేవు. సరిచూసే చిన్న పరికరాన్ని మీటరుకు తగిలించి పరీక్షించాను. మీటరు బాగానే ఉంది. గల్లీలోనే చప్పుడు లేదు.

నిశ్శబ్దం గురించి నేను చాలా చదివాను. దాన్ని సముద్రంతోనూ మంచుతోనూ పోల్చినవాళ్ళను ఒకప్పుడు మెచ్చుకున్నాను. ఇప్పుడు నమ్మను. అది దేనిలాగానూ ఉండదు. ఉండాల్సినవి లేకపోవడం, అంతే.

కింద ఆమె కొంత దూరం నడిచి ఆగింది. తల ఒక పక్కకు వంచింది, తరువాత రెండో పక్కకు. బుట్టను రొమ్ముకు దగ్గరగా పట్టుకుంది. ఆ నిలబడటం చూశాకే ఆమెకు కళ్ళు కనిపించవని నాకు అర్థమైంది. గల్లీ ఖాళీ కాదని కూడా అప్పుడే తెలిసింది. ప్రతి గుమ్మంలో పరదా వెనక మనుషులున్నారు. పరదాల కింద పాదాలు కనిపిస్తున్నాయి. అందరూ ఆమెను చూస్తున్నారు. ఒక్కరూ పిలవడం లేదు.

ఆమె మెల్లగా ఎడమకు తిరిగి రెండిళ్ళ మధ్య సందులోకి నడవబోయింది. అది దారి కాదు, మూత లేని మోరీ, మురుగు కాలువ.

"అమ్మా, ఆగండి," అని అరిచాను. నా గొంతు నాకే ఎవరిదో అనిపించింది. పక్క డాబా మీద ఒకావిడ పెదవుల మీద వేలు పెట్టి, వద్దని నాకు సైగ చేసింది.

మెట్ల మీద ఆ డాబా ఇంటాయన ఎదురొచ్చాడు. పెద్దమనిషి, గడియారాలు బాగుచేసే పని మానేసి చాలా ఏళ్ళయింది. "ఆహిస్తా బోలో మేడం," అన్నాడు గుసగుసగా. "మిషిన్ సున్ రహీ హై నా." మీటరు వింటోందట, మెల్లగా మాట్లాడాలట.

ఆయన్ని తప్పించుకుని కిందికి దిగి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"చెయ్యి తియ్యి," అంది. "ఎవరు నువ్వు?"

"చప్పుడు కొలవడానికి వచ్చానండి. మీ ముందు మోరీ ఉంది."

"మోరీ ఉన్నదని నాకెరుక. అది ఇటెందుకు వచ్చింది?" అంది. చాలా చిన్న గొంతుతో మళ్ళీ అడిగింది. "నువ్వు మాట్లాడేది నాకు ఇనవడ్తున్నది. నిజంగ మాట్లాడుతున్నవా?"

"మాట్లాడుతున్నానండి."

"గట్లయితె చెవులు పోలే," అంది. బుట్టను మోచేతికి తగిలించుకుని రెండు చెవులూ తడుముకుంది.

సంగతి తరువాత తెలిసింది. మీటరు పెడతానని ముందురోజు గల్లీలో కనిపించినవాళ్ళకు చెప్పి వెళ్ళాను. రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండమన్నాను. నేను వెళ్ళాక ఆ మాట ఇంటింటికీ తిరిగి, ఏ ఇంట్లో లొల్లి ఎక్కువో మిషిను పట్టేస్తుందని, ఆ ఇళ్ళే రోడ్డు వెడల్పులో ముందు పోతాయని తేలిందట. అందుకని గల్లీ అంతా ఒక మాట మీదికి వచ్చింది. రేకు డబ్బాలు చేసే దుకాణం తెరవలేదు. మూల మీది పిండి గిర్నీ తెరవలేదు. పిల్లల్ని రాత్రే అమ్మమ్మల ఇళ్ళకు పంపేశారు. ఒక ఇంట్లో కోడిపుంజును గంప కింద పెట్టి గంప మీద బొంత కప్పారు.

"మరి నాకెందుకు చెప్పలే?" అని ఆమె నడి గల్లీలో నిలబడి అడిగింది. నా అరుపు తప్ప, ఆ ఉదయం అక్కడ గట్టిగా మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే.

"జర మెల్లగ అక్కా," అన్నాడు రేకు దుకాణం ఆయన, పరదా తీసి. "రికార్డయితది."

"కానియ్యి. మీ ఇండ్లు మిగలాలని నన్ను మోరీల పడేస్తరా?"

"నువ్వేం చప్పుడు చేస్తవక్కా, పూలు పట్టుకొని పోతవు గదా. నీకు చెప్పేదేమున్నదని ఊకున్నం."

"నేను చప్పుడు చెయ్య. మీరు చేస్తేనే గదరా నేను నడిచేది."

ఎవరో పరదా వెనక నవ్వారు. ఎవరో వాళ్ళను ఊరుకోమన్నారు.

ఆమెది ఆ గల్లీలో చాలా తరాలుగా ఉన్న కుటుంబం. గల్లీ చివర చిన్న గుడి ఉంది, పూజ వాళ్ళ ఇంటివాళ్ళదే. ఇప్పుడు ఆమె మేనల్లుడు చేస్తున్నాడు. ఆమె పెళ్ళయిన కొద్ది కాలానికే పుట్టింటికి తిరిగి వచ్చింది. ఎందుకో నేను అడగలేదు. ముప్పై దాటాక చూపు తగ్గుతూ వచ్చి పూర్తిగా పోయింది. యాభై దాటాయేమో, నేను కూడా అక్కా అనే పిలిచాను. నన్ను ఇంట్లోకి రమ్మని చాయ్ ఇప్పించింది. నా మాటలో "అండి" వినగానే మాది ఏ వైపో పోల్చుకుంది.

"ఆంధ్రా మేడమా. మీ వాళ్ళు అండీ అండీ అంటనే అన్ని కొలిచి తీస్కపోతరు."

"మా నాన్న ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారండి. నేను ఇక్కడే పుట్టాను."

"పుడితె ఏమాయె. అండి పోలే."

మేనల్లుడి భార్య నవ్వింది. నాతో అంది, "ఎన్నిసార్లు చెప్పినం మేడం, ఒక్కదానివే పోకు, నేను తోడొస్త అని. అత్తమ్మ ఇనది."

"ఎందుకినాలె," అంది ఆమె. "కండ్లు పోయినంక వంట పోయింది. కుట్టు పోయింది. పెండ్లిళ్ళకు పోవుడు పోయింది. ఇదొక్కటి ఉన్నది నాకు. పూలు నేనే కడ్త, నేనే తీస్కపోత. ఎవరన్న రెక్క పట్టుకొని నడిపిస్తె గా దినమే బంద్ జేస్త."

ఎలా నడుస్తారని అడిగాను. గడప దిగగానే ఎడమ పక్క రేకు దుకాణంలో సుత్తె చప్పుడు వినిపిస్తుంది. దాని వైపు నడిచి, అది భుజానికి సరిగ్గా పక్కకు వచ్చాక, గిర్నీ చప్పుడు పట్టుకుని ముందుకు పోతే మలుపు, మలుపు తిరిగితే గుడి. అంతేనంది. అయినా అదేమీ తప్పని లెక్క కాదు. ఒకసారి రేకు దుకాణం ఆయనకు జ్వరం వస్తే, ఇంకెక్కడిదో సుత్తె చప్పుడు వెంట పోయి ఎవరింటి వాకిట్లోనో తేలింది. వాళ్ళు కూర్చోబెట్టి బిస్కెట్లు పెట్టారు. మల్లెపూలు సగం వాళ్ళ పిల్లల తలల్లోకి పోయాయి. "గా దినం దేవునికి చిన్న దండ," అని ఆమె తనే నవ్వింది.

"నీ ఇంట్ల ఎవరెవరున్నరు?" అని అడిగింది.

"ఎవరూ లేరక్కా. ఆయన పోయిన ఏడు పోయారు."

ఆమె అయ్యో అనలేదు. "మరి ఇల్లు సప్పుడు లేకుంట ఉంటదేమో," అంది.

ఆమె అడిగిన తీరుకు నేను జవాబు చెప్పాను. చివరి నెలల్లో ఆయనకు ఇంట్లోనే ఆక్సిజన్ మిషను పెట్టాం. పగలూ రాత్రీ ఒకే తీరున మోగేది. పోయాక దాన్ని అద్దెకిచ్చినవాళ్ళు వచ్చి ప్లగ్గు తీసి పట్టుకుపోయారు. ఆయన పోవడం నాకు అప్పుడు తెలిసింది, అంతకు ముందు కాదు. ఇది నేను ఎవరికీ చెప్పలేదు. పావుగంట పరిచయం ఉన్న మనిషికి చెప్పాను.

మీటరు మళ్ళీ పెట్టాల్సి వచ్చింది. ఇళ్ళు ఏవి పోతాయో ఎప్పుడో తేలిపోయిందని, చప్పుడుతో దానికి సంబంధం లేదని, తక్కువగా ఉన్నా ఎక్కువగా ఉన్నా ఇల్లు మిగలదని విడమరిచి చెప్పాను. ఈ మాట చెప్పడం తేలిక కాలేదు. మర్నాడు గల్లీ అంతా మామూలుగా ఉండటానికి గట్టిగా ప్రయత్నించింది. నేను డాబా ఎక్కేసరికి ప్రతి ఇంట్లో టీవీ మోగుతోంది. ఒకావిడ ఖాళీ కుక్కరు పొయ్యి మీద పెట్టిందని తరువాత తెలిసింది. కోడిపుంజును డాబా మీద మీటరు పక్కనే కట్టేశారు. ఆ కొలత కూడా పనికి రాలేదు. ఆ తరువాతి రోజుకు అందరూ విసిగిపోయి మీటరును మరిచిపోయారు. అదే నివేదికలోకి పోయింది.

నివేదికలో చప్పుడు వల్ల ఎక్కువ ఇబ్బంది పడేవి రాయడానికి ఒక పట్టిక ఉంటుంది. ఆసుపత్రులు, బడులు, ప్రార్థనా స్థలాలు, నివాసాలు. ఆమె అందులో ఎక్కడా పట్టదు. చప్పుడు వల్ల నిద్ర చెడుతుందని, రక్తపోటు పెరుగుతుందని, పిల్లల చదువు దెబ్బతింటుందని రాయడానికి వీలుంది. ఒక చప్పుడు ఇంకో చప్పుడును కప్పేస్తే ఒక మనిషికి దారి పోతుందని రాయడానికి వీల్లేదు. ఉదయం ఏడు నుంచి ఎనిమిది దాకా స్తంభాల గుంతలు తవ్వే యంత్రం ఆపాలని సిఫారసు రాశాను. మా పై అధికారి ఫోను చేశాడు.

"ఆ గంట ఎందుకండి మేడం? పొద్దున ఆరింటికి మొదలుపెట్టి ఏడుకి ఆపమంటే కాంట్రాక్టరు ఊరుకుంటాడా?"

"గుడి ఉంది. ఆ వేళకు పూజ."

"గుడిలో మైకు ఉంటుందిగా. మన యంత్రం కంటే అదే గట్టిది."

"ఒకామె ఆ వేళకు నడిచి వెళ్తుంది. కళ్ళు కనిపించవు. వింటూ నడుస్తుంది."

"గుడి అనే రాయండి," అన్నాడు చివరికి. "మిగతాది నాకు తెలీదనుకోండి."

సిఫారసు ఒప్పుకున్నారు. నేనే వెళ్ళి ఆమెకు చెప్పాను. "గంటసేపు ఆపుతరా, నా కోసం?" అని రెండుసార్లు అడిగింది. తరువాత మేనల్లుడి భార్యను పిలిచి ఆమెకు కూడా చెప్పమంది.

పని ఎండాకాలంలో మొదలైంది. ఇళ్ళ ముందు గదులు తీసేశారు. వెనక సగాల్లో మనుషులు అలాగే ఉన్నారు. గల్లీలో నిలబడితే ఎవరి వంటింటి గోడో, ఆకుపచ్చ రంగు, అందులో గూడు, గూట్లో ఒక గ్లాసు కనిపించేవి. ఇంటివాళ్ళు ఆ గోడకు దుప్పటి కట్టుకుని వెనక అన్నం తినేవారు. రేకు దుకాణం మొత్తం పోయింది. ఆయన ఉస్మాన్‌గంజ్ వైపు ఎక్కడో పెట్టుకున్నాడన్నారు. ఆ జాగాలోనే మొదటి గుంత తవ్వుతున్నారు. గిర్నీ ఆయన మిషన్లు విప్పి తీసుకుపోయాడు.

ఆ రోజుల్లో నేను పని జరిగేటప్పటి చప్పుడు కొలవడానికి వెళ్ళాను. కొలతలు ఒప్పుకున్న హద్దు దాటుతున్నాయి. అది అనుకున్నదే. ఏడు గంటలకు మాత్రం చెప్పినట్టే యంత్రం ఆపారు. దాన్ని నడిపేవాడు ఎక్కడో ఉత్తరాది నుంచి వచ్చినవాడు. ఇంజను కట్టేసి, కిందికి దిగి, ఇసుక కుప్ప మీద కూర్చుని చాయ్ తాగడం మొదలుపెట్టాడు. దుమ్ము మెల్లగా కిందికి దిగింది. గల్లీ అంతా ఒక్కసారి ఊపిరి పట్టినట్టు అయింది అని రాయబోయాను. అలా ఏమీ కాలేదు. యంత్రం ఆగింది. దాని వెనక ఏ చప్పుడూ మిగల్లేదు.

ఆమె గడప దిగింది. నేను ఎదురుగానే ఉన్నాను, పలకలేదు. ఆమె తనంతట తాను వెళ్ళడమే కదా నేను చూడాలనుకున్నది.

అడుగు వేసి ఆగింది. ఇదివరకు గల్లీ ఇరుగ్గా ఉండేది, ఆమె చెప్పుల చప్పుడు గోడకు కొట్టి తిరిగి వచ్చేది. ఇప్పుడు ఆ పక్క గోడలు లేవు. ఇంకో అడుగు వేసింది. ఆమె ముఖంలో ఏమీ లేదు, విని విని విసిగిన ఓర్పు తప్ప. ఆమె కోసం సంపాదించిన గంటలో ఆమెకు వినడానికి ఏమీ లేదని నాకు అప్పుడే తెలిసింది. యంత్రాన్ని ఆపించగలిగాను. అది కప్పేస్తుందనుకున్న చప్పుళ్ళు అంతకు ముందే గల్లీ దాటిపోయాయి.

ఆమె తల చటుక్కున ఎడమకు తిరిగింది.

"వచ్చిండా?" అంది మెల్లగా. "ఎప్పుడొచ్చిండు?"

నాకేమీ వినిపించలేదు. ఆమె నడవడం మొదలుపెట్టింది. ఎన్నడూ చూడనంత ధీమాగా, కొంచెం చిరునవ్వుతో, పూలబుట్ట ఊగుతుంటే, సరిగ్గా రేకు దుకాణం ఉండే చోటికి. అక్కడ నీలం రేకుల దడి ఉంది. పనివాళ్ళు వచ్చిపోవడానికి వదిలిన సందు దగ్గరికే ఆమె నేరుగా పోతోంది. దడి వెనక గుంత. అడుగున నీళ్ళు.

"అక్కా," అన్నాను.

ఆమె ఆగకుండానే చెయ్యెత్తి నన్ను ఊరుకోమంది. "జర ఆగు. ఇననియ్యి."

అప్పుడు నాకూ వినిపించింది. టిక్. కొంచెం ఆగి, టిక్ టిక్. రేకు అంచును సుత్తెతో మెల్లగా తట్టి చూస్తున్నట్టు. అది దడి లోపలి నుంచే వస్తోంది. అక్కడ దుకాణం లేదని, మనిషి లేడని నా కళ్ళ ముందే ఉంది. ఆ చప్పుడు ఏమిటో తెలియడానికి నాకు కొంచెం సమయం పట్టింది. వేడెక్కిన ఇంజను చల్లారుతూ దాని ఇనుము ముడుచుకుంటున్న చప్పుడు.

పరుగెత్తాను. యంత్రం నడిపేవాడు కూడా గ్లాసు పడేసి లేచాడు. "అమ్మా, ఉధర్ గడ్ఢా హై," అంటూ అడ్డం వచ్చాడు. ఆమె అప్పటికే సందు దాటింది. చాచిన చెయ్యి గుంత పక్కన నిలిపిన యంత్రానికి తగిలి ఆగింది. అరచెయ్యి ఇనుము మీద ఆన్చి అలాగే నిలబడింది. టిక్ మని మళ్ళీ మోగింది, ఆమె చేతి కిందే.

"వేడిగున్నది," అంది. "ఏందిది?"

చెయ్యి కొంచెం పక్కకు జరిపి తడిమింది.

"దుకాణం గాదా?"

నేను ఆమె భుజం కింద చెయ్యి వేసి వెనక్కి తీసుకొచ్చాను. చెయ్యి తియ్యమనలేదు. గుడి వైపు తిప్పబోతే, "ఇంటికే," అంది.

ఆ రోజు కొలతలు సాయంత్రం చూశాను. డాబా మీది మీటరులో ఏడూ పది దగ్గర గీత చదునుగా ఉంది. ఆ టిక్ చప్పుడు దానికి అందనే లేదు. నివేదిక ప్రకారం ఆ గంటలో యంత్రం వల్ల చప్పుడు లేదు.

తరువాత ఆమె పూలు కట్టడం మానలేదు. మేనల్లుడి భార్య తీసుకుపోయేది. గంటసేపు ఆపడం మాత్రం అలాగే సాగింది. వానలు మొదలయ్యే ముందు అక్కడి సూపర్‌వైజరు నన్ను అడిగాడు.

"మేడం, గా గంట ఇంక ఎవరి కోసం ఆపుడు? గుడోళ్ళను అడిగితె మాకేం ఫికర్ లేదంటున్నరు."

రాసింది నేనే గనుక నేనే వెళ్ళి ఆమెను అడగాలనిపించింది. వెళ్ళేసరికి చాప మీద కూర్చుని చామంతులు కడుతోంది. వీధి తలుపుకు లోపలి నుంచి, పైన, ఆమె తడిమినా అందనంత ఎత్తులో కొత్త గొళ్ళెం బిగించి ఉంది. నేను దాన్ని చూడటం మేనల్లుడి భార్య గమనించి తల దించుకుంది.

ఆపడం ఉంచమంటారా అని అడిగాను.

"నడిపియ్యమను," అంది వెంటనే.

"మళ్ళీ ఎప్పుడైనా వెళ్ళాలనిపిస్తే..."

"మిషిన్ నడిస్తె పోవాలనిపియ్యది మేడం. లొల్లిల ఏం ఇనవడది, కూసుంట. ఆపితెనే కష్టం. గా టిక్ టిక్ ఇంట్లకు గూడ ఇనవడ్తది. గల్లీల ఏం సప్పుడు లేదు గదా, మస్తు మంచిగ ఇనవడ్తది. అది మిషిన్ అని ఎరుకనే నాకు. కాళ్ళకు ఎరుక లేదు. లేస్తున్న. గడప దాక పోతున్న."

మేనల్లుడి భార్య అంది, "బుట్ట గూడ పట్టుకుంటది మేడం. మొన్న నేను స్నానంల ఉన్న, వచ్చేసరికి గడప దిగి నిలబడ్డది."

ఆక్సిజన్ మిషను పోయాక చాలా రోజుల దాకా నేను దాని నీళ్ళ సీసా నింపడానికి లేచేదాన్ని. వంటింటి దాకా వెళ్ళి, కుళాయి తిప్పాక గాని ఆగేదాన్ని కాదు. మిషను లేదని నాకూ తెలుసు.

"నువ్వు అడిగితెనే ఆపిన్రు, నువ్వు చెప్తెనే నడిపిస్తరు," అంది ఆమె. "చెప్పు పో. చాయ్ తాగి పో."

చాయ్ తాగాను. ఆమె నా పక్కకు దండ చాచి, ముడులు సరిగ్గా పడ్డాయా అని అడిగింది. ఒకచోట వదులుగా ఉందని చెప్పాను. విప్పి మళ్ళీ కట్టింది.

బయటికి వెళ్ళి సూపర్‌వైజరుకు చెప్పాను. సిఫారసు వెనక్కి తీసుకుంటున్నట్టు రాసి సంతకం చేశాను. కారణం దగ్గర, అవసరం లేదు అని రాశాను.

స్తంభాలు ఇప్పుడు మొదటి అంతస్తు దాటి లేచాయి. ఉదయం ఏడు నుంచి ఎనిమిది దాకా పని ఆపడం లేదు.